మొదటి నీళ్ళు

కృష్ణప్రసాద్ గల్ఫ్‌లో, మెసయీద్ అనే ఊళ్ళో, ఒక ఎరువుల కర్మాగారంలో కెమిస్టు. పెద్ద ఉద్యోగం కాదు, చిన్నదీ కాదు. ఎవరో తయారుచేసిన యూరియా సీసాల్లో వస్తుంది. అతను దాన్ని వెలుతురుకెత్తి చూస్తాడు, కరిగిస్తాడు, కొలుస్తాడు, సంతకం పెడతాడు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నాటి నుంచీ అదే పని. తన చేతులతో తాను చేసిన వస్తువంటూ ఏదీ లేదని ఒక శుక్రవారం భోజనం చేస్తుండగా అతనికి తోచింది. అది తొంభై ఆరో సంవత్సరం. బీరు చెయ్యాలనుకున్నాడు. గింజ నుంచి.

కంపెనీ క్వార్టర్లలో అది మరీ వింత కాదు. పక్కింటి సురేందర్ ఆర్మూరు దగ్గరి మనిషి, మీటర్లు బాగుచేసే టెక్నీషియన్. మత్తు లేని మాల్టు డ్రింకు కొని, పంచదారా ఈస్టూ కలిపి, డబ్బాకు మూత బిగించేవాడు. అది పులిసి ఏదో ఒకటయ్యేది. కృష్ణప్రసాద్ ఒకసారి రుచి చూసి గ్లాసు కింద పెట్టాడు.

"మంచిగ లేదా సార్?"

"ఇది నువ్వు చేసింది కాదు సురేందర్. ఎవరో చేసిందాన్ని నువ్వు పులియబెట్టావు."

"దానికేమాయె సార్? మా దిక్కు కల్లు చెట్టే చేస్తది. మనం కింద కూసుంటే సాలు."

భార్య సావిత్రికి ఈ ఆలోచన నచ్చలేదు. తాగుడు గురించి కాదు. భర్త ఎప్పుడో తాగే గ్లాసెడు ఆమెను ఏనాడూ బాధపెట్టలేదు. ఇంట్లో మద్యం తయారుచేయడం ఆ దేశంలో నేరం; కంపెనీకి తెలిస్తే సామాను సర్దుకోమంటారు. కొడుకు సాత్విక్ చదువు మధ్యలో ఉంది.

"ఒక్కసారి," అంది. "కుదిరిందా, మీ ఇష్టం. కుదరలేదా, ఆ సామానంతా ఇంట్లోంచి పోవాలి. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

అతను సరేనన్నాడు. లాబులో కూడా వచ్చిన ఫలితం నచ్చలేదని కొట్టేసి మళ్ళీ చేసే మనిషి కాదు.

అల్ మన్సూరా బజారులో పావురాలకు వేసే పొట్టు బార్లీ దొరికింది. బకెట్లో నానబోశాడు. రెండో రోజుకు ఇల్లంతా వాసన. సావిత్రి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది.

"ఇది పావురాలు కూడా ముట్టవు. సాత్విక్ చిన్నప్పుడు రాగి మాల్టు ఎవరు చేశారనుకున్నారు? లేవండి."

ఆ గింజలు పారబోయించింది. కొత్తవి నానబెట్టి, వార్చి, పాత పంచెలో వదులుగా మూటగట్టింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి విప్పి తిరగేసి నీళ్ళు చిలకరించింది. గింజలు మొలకెత్తి తెల్లటి వేళ్ళు వచ్చాయి. డాబా మీద ఎండబెట్టి, చేటలో పోసి అరచేతులతో నలిపి, ఆ వేళ్ళను చెరిగేసింది. మిక్సీలో పిండి కానివ్వకుండా, ఉప్మా రవ్వకంటే మోటుగా పట్టింది. తాను ఒప్పుకోని పనిలో సగం ఆమె చేతుల మీదుగానే జరిగింది. 

శుక్రవారం పొద్దున పని మొదలైంది. సముద్రానికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళే ఐస్ పెట్టె వంటింటి గట్టు మీదికెక్కింది. దాని అడుగున ట్యాపు ఉంది. లోపల స్టీలు జల్లెడ బోర్లించి, రవ్వ పోసి, కాచిన నీళ్ళు కలిపాడు. అరవై ఏడు డిగ్రీలు. తగ్గితే పని నిదానిస్తుంది, పెరిగితే మొలకలో పిండిని తీపిగా మార్చే గుణం చచ్చిపోతుంది. మూత పెట్టి పైన దుప్పటి కప్పాడు. చల్లగా ఉంచడానికి చేసిన పెట్టె వేడిని కూడా అలాగే పట్టి ఉంచింది. గంట తర్వాత ఒక చుక్క తెల్ల సాసరులో వేసి, మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేశాడు. పిండి మిగిలి ఉంటే నల్లబడాలి. నల్లబడలేదు. గింజలోని పిండంతా తీపిగా మారింది.

కంపెనీ బండిలో డ్యూటీకి బయల్దేరుతూ తొంగిచూసిన సురేందర్ ఐస్ పెట్టెలోంచి చెంచాతో తీసుకుని నాకాడు.

"అబ్బో! జిలేబి పాకమోలె ఉంది సార్."

కృష్ణప్రసాద్ నవ్వలేదు. కానీ సాసరు ఇంకోసారి వెలుతురుకెత్తి చూశాడు.

ఇక మిగిలింది ఆ తీపిని దించుకోవడం. పైన వేడినీళ్ళు చిలకరిస్తూ, కింద ట్యాపు సన్నగా వదులుతూ గింజలను కడగాలి. తొందరపడితే నీళ్ళు ఒకే దారి చేసుకుని పోతాయి, తీపి గింజల్లోనే ఉండిపోతుంది. అతను గరిటె చేతిలోకి తీసుకున్నాడు. ఫోన్ మోగింది. ప్లాంటులో ఎక్కడో అమోనియా లెక్క తప్పింది, బండి పంపుతున్నామన్నారు.

కాదనే అలవాటు అతనికి లేదు. చొక్కా తొడుక్కుంటూ చెప్పాడు. "వేడినీళ్ళు మెల్లగా పొయ్యి, గరిటెతో. గింజలు ఎప్పుడూ మునిగి ఉండాలి. మొదట వచ్చేది మడ్డిగా ఉంటుంది, వేరే గిన్నెలో పట్టు. తేటపడ్డాక పెద్ద గిన్నెలోకి వదులు."

"ఆ మడ్డి నీళ్ళు..."

బయట హారన్ మోగింది. అతను వెళ్ళిపోయాడు.

సావిత్రి చెప్పినట్టే చేసింది. గింజల మీద చిన్న గుంట కూడా పడకుండా పోసింది. కింద నుంచి గోధుమరంగు నీళ్ళు వచ్చాయి, చిక్కగా, జిగటగా. గిన్నెలో పట్టింది. గిన్నె నిండింది, ఇంకోటి పెట్టింది. అదీ నిండవచ్చింది. చాలాసేపటికి రంగు విరిగి, బియ్యం మూడోసారి కడిగినట్టు తేటగా వచ్చింది. అప్పుడు పెద్ద గిన్నె పెట్టింది.

ఆ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు ఏనాడూ తూములోకి పోలేదు. పెరట్లో, కుండీలో, ఊరి నుంచి తడిగుడ్డ చుట్టి తెచ్చిన కరివేపాకు మొక్క ఉంది. మొదటి కడుగు దానికే. సావిత్రి రెండు గిన్నెలనూ చల్లారనిచ్చి, ఒకటి ఆ కుండీలో, ఒకటి గోడవారి వేపమొక్కకు పోసింది. గిన్నెలు తోమి బోర్లించింది.

అతను వచ్చేసరికి పెద్ద గిన్నె నిండుగా ఉంది. తీపి ఎంతుందో కొలిచే గాజు కొలబుడ్డి ముంచి చూశాడు. ఎత్తుగా తేలాల్సింది మునిగింది. తుడిచి మళ్ళీ ముంచాడు. అయోడిన్ అబద్ధం చెప్పదు, మరి తీపి ఎక్కడికి పోయినట్టు? చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కరివేపాకు కుండీ చుట్టూ చీమలు నల్లటి తాడులా ఉన్నాయి. వేపమొక్క దగ్గర ఇంకో తాడు. వంగి మట్టి ముట్టుకున్నాడు. వేళ్ళు అంటుకున్నాయి.

చేతులు కడుక్కున్నాడు. లోపలికి వచ్చి పొయ్యి వెలిగించాడు.

"ఎలా వచ్చిందండీ?"

"బాగానే పోశావు," అన్నాడు. అది నిజమే.

మరిగేటప్పుడు సురేందర్ సంపాదించి పెట్టిన, బీరుకు చేదునిచ్చే ఎండు హాప్ పూలు వేశాడు. ఆ చేదు వాసన వీధిలోకి పోకుండా సావిత్రి పక్క పొయ్యి మీద ఇంగువ తాలింపు పెట్టింది. చల్లార్చి, ఈస్టు చల్లి, డబ్బాకెత్తాడు. ఎలాగూ అవదని తెలిసిన పనిని చివరిదాకా శ్రద్ధగా చేశాడు.

పులియడం ఆగి, సీసాల్లో నిలవ ఉన్నాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం సురేందర్‌ను పిలిచాడు. గ్లాసులో పోశాడు. నురగ వచ్చినట్టే వచ్చి పోయింది.

సురేందర్ ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు. "సార్, ఏమనుకోకు. నాకు జరమొస్తే మా అవ్వ గిట్లనే బార్లీ నీళ్ళు తాగిపిచ్చేది. జరం పోయేది గని రుచి గిదే."

"కుదర్లేదు," అన్నాడు కృష్ణప్రసాద్. సావిత్రికి వినపడేలాగే అన్నాడు. "ఐస్ పెట్టె తప్ప మిగతా సామాను నువ్వు పట్టుకెళ్ళు."

"అట్లెట్ల సార్? ఆ పొద్దు నేను నాకలే? పాకం లెక్క ఉండె. ఆ పాకం ఏడవాయె?"

 పకోడీల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన సావిత్రి ఆగిపోయింది. పెరటి వైపు చూసింది. బార్లీ కడిగిన ఆ వారమంతా కుండీకి చీమలెందుకు పట్టాయా అని ఆమె పసుపు చల్లింది.

"మొదటి నీళ్ళా?" అంది.

"ఊఁ."

"మీకప్పుడే తెలుసా?"

"చీమల్ని చూశాను."

"మరి చెప్పలేదేం?"

"సగం చెప్పి పోయింది నేను. ఆ మడ్డిని మళ్ళీ గింజల మీదే పొయ్యమనలేదు. నిన్నేమనను?"

సావిత్రి పళ్ళెం బల్ల మీద పెట్టింది. "అంత చదువుకున్నారు. కాఫీ డికాషన్ లాగే, మొదటిదే చిక్కన అని ఒక్క ముక్క అంటే నాకు తెలిసేది కాదూ? మడ్డి అన్నారు. మడ్డిని ఎవరు దాస్తారు?"

"నిజమే వదినా," అన్నాడు సురేందర్, పకోడీ అందుకుంటూ. "తప్పంత సార్‌దే. చెట్టు మాత్రం మస్తు తాగింది."

కృష్ణప్రసాద్ లేచి డబ్బా, గొట్టాలు, కొలబుడ్డి ఒక అట్టపెట్టెలో సర్ది గుమ్మం పక్కన పెట్టాడు. మాట మాటే. సురేందర్ పోతూ పోతూ పెట్టె ఎత్తబోయాడు. వంటింట్లోంచి సావిత్రి గొంతు వచ్చింది.

"అది అక్కడే ఉండనీ సురేందర్."

కృష్ణప్రసాద్ లోపలికి వెళ్ళాడు. మిగిలిన బార్లీ వెడల్పు గిన్నెలో నీళ్ళలో మునిగి ఉంది. తేలిన పొట్టును ఆమె అరచేత్తో తోస్తోంది.

"ఒక్కసారి అనుకున్నాం కదా," అన్నాడు.

"మొన్న చేసింది కరివేపాకుకి. మీ వంతు ఇంకా కాలేదు." ఆమె తలెత్తలేదు. "ఈసారి ఫోనొస్తే మీరు తీయకండి. నేను తీస్తాను. ఇంట్లో లేరని చెప్తాను."