గడువమ్మ మీద గడువమ్మ

ఆమె వకీలు పని మొదలుపెట్టింది కింది కోర్టులో. అక్కడ ఆమెకు పొసగలేదు. సాక్షి బోనులో నిలబడి కళ్లు తుడుచుకుంటే చాలు, అడగవలసిన ప్రశ్న మరిచిపోయేది. ఒకసారి అవతలి పక్షం సాక్షి అబద్ధమాడుతున్నాడని తెలిసి కూడా అతనికి మంచినీళ్లు తెప్పించి ఇచ్చింది. ఆ సాయంత్రం ఆమె సీనియరు నల్లకోటు విప్పి తగిలిస్తూ అన్నాడు.

“నీ బుర్ర మంచిదమ్మా. కానీ మనిషి ఎదురుగా ఉంటే అది పనిచెయ్యడం మానేస్తుంది. నువ్వు అప్పీళ్లకి వెళ్లు. అక్కడ సాక్షులుండరు, కాగితాలే ఉంటాయి.”

ఆ మాట గుచ్చుకుంది. అయినా వెళ్లింది. వెళ్లాక అదే తన చోటని తెలిసింది. పైకోర్టుకు వచ్చేసరికి ఎవరు ఏం చేశారన్నది కింద తేలిపోయి ఉంటుంది. దానికి చట్టం ఏమంటుందన్నదే మిగులుతుంది. ఆమె కట్టలకు కట్టలు చదివేది. అన్నం ముందు కూర్చుని కూడా లోపల వాదించుకుంటుంటే, బడిలో లెక్కలు చెప్పే భర్త ఊరుకునేవాడు కాదు.

“కూరలో ఉప్పు లేదని నేను అప్పీలు చేసుకోవచ్చా?”

“వండినప్పుడు అభ్యంతరం చెప్పారా? రికార్డులో లేదే,” అనేది ఆమె తలెత్తకుండా.

ఆమెకు పేరు తెచ్చింది భర్త పోయిన ఒకావిడ పింఛను కేసు. పింఛను ఇవ్వాలని కింది కోర్టు చెప్పింది. ప్రభుత్వం గడువు దాటాక అప్పీలు వేసి, ఫైలు బల్లల మీద తిరగడంలో ఆలస్యమైందని చెప్పుకుంది. అలాంటి సాకుల్ని కోర్టులు అంతవరకూ చూసీ చూడనట్టు వదిలేసేవి. ఆమె రాజ్యాంగంలోని సమానత్వాన్ని పట్టుకుంది. గడువంటే అందరికీ గడువే అంది. ఒక్క మినహాయింపు పెట్టినా అందులోంచి ముందుగా దూరేది బలమైనవాడే అంది. కోర్టు ఆ మాటల్నే తీర్పులో రాసింది. ఇక మినహాయింపులు లేవు. ఆనాటి నుంచి కోర్టు వరండాల్లో ఆమె గడువమ్మ అయింది.

జుట్టు నెరిసేనాటికి రాజ్యాంగానికి సంబంధించిన పెద్ద కేసులన్నిటిలో ఏదో ఒక పక్షాన ఆమె ఉండేది. ఆమె లేస్తే జడ్జీలు కలాలు అందుకునేవారు. పింఛను తీర్పు లా కాలేజీలో పాఠమైంది. క్లయింట్లతో జూనియర్లే మాట్లాడేవారు.

అలాంటి రోజుల్లో ఒక ప్రభుత్వాసుపత్రి నర్సు వచ్చి, లోపలికి పంపేదాకా కదలనని ఆఫీసులో కూర్చుంది. చేతొడుగులివ్వకుండా వార్డులోకి వెళ్లమంటే వెళ్లనన్నందుకు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. కింది కోర్టులో ఓడిపోయింది. అప్పీలు వేయవలసిన రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బు చేసి, గొంతులో గొట్టంతో తెలివి లేకుండా పడి ఉంది. లేచి కూర్చునేసరికి గడువు దాటిపోయింది.

“కాగితాలిచ్చి వెళ్లండమ్మా. చదువుతాను.”

“కాగితాల్లో నేను లేను మేడమ్,” అంది నర్సు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “నేను లేని రోజుల గురించే కదా ఈ గొడవంతా.”

“ఈ తలుపు మూయించింది నేనే. తెలుసా మీకు?”

“తెలుసు. వకీళ్లందరూ ఆ మాట చెప్పే పంపించేశారు. మూసినవాళ్లకి గడియ ఎక్కడుందో తెలుస్తుంది కదా అని మీ దగ్గరికొచ్చాను.”

ఆ సాయంత్రం టీ చల్లారిపోతున్నా ఆమె తాగలేదు. భర్త హాస్యమాడలేదు.

“అప్పుడు నువ్వన్నది తప్పా?”

“తప్పు కాదండీ. సగం. మిగతా సగం అప్పుడు నా కళ్లముందు లేదు.”

పాత తీర్పునే తిరగదోడాలి కనుక కేసు ఎక్కువమంది జడ్జీలుండే విస్తృత ధర్మాసనం ముందుకు వచ్చింది. ప్రభుత్వ వకీలు నెమ్మదస్తుడు. పింఛను తీర్పును మొదటినుంచి చివరిదాకా చదివి కూర్చున్నాడు. ప్రధాన న్యాయమూర్తి కళ్లజోడు తీశాడు.

“ఈ కేసు వాదించింది మీరే కదూ?”

“నేనే అయ్యా.”

“మినహాయింపులు వద్దన్నది?”

“అదీ నేనే.”

“మరి మేము అప్పటి మిమ్మల్ని నమ్మాలా, ఇప్పటి మిమ్మల్నా?”

హాలంతా నవ్వింది. నవ్వు అణిగేదాకా ఆమె ఆగింది.

“అప్పుడు ఆలస్యం చేసింది కాళ్లుండీ కదలనివాళ్లు. ఈవిడ కదల్లేక పడి ఉంది. ఇద్దరినీ ఒకే గీత అవతల నిలబెడితే అది సమానత్వం కాదయ్యా. ఈ తేడా ఆనాడు నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది కాబట్టి చెబుతున్నాను.”

ప్రభుత్వ వకీలు లేచి ఒక్కటే అన్నాడు. “మేడమ్ గారు అప్పుడు చెప్పిందే నేనూ చెబుతున్నాను. ఈ సందులోంచి ముందు దూరేది బలమైనవాడే.”

అది నిజమని ఆమెకు తెలుసు.

ఒక్క ఓటు తేడాతో ఆమె గెలిచింది. ఒంట్లో శక్తి లేకో, తెలివి లేకో రాలేకపోయినవారికి మాత్రం గడువు సడలించవచ్చని కోర్టు చెప్పింది. తీర్పు రాగానే ఆమె ముందు చదివింది ఒప్పుకోని జడ్జీలు రాసిన భాగాన్ని. అందులో ఆమె పాత వాదన మొత్తం ఉంది. చదివి, “బాగా రాశారు,” అని జూనియరుకు ఇచ్చింది. నర్సు అప్పీలు విచారణకు వచ్చి, ఆమెకు ఉద్యోగం తిరిగి దొరికింది.

ప్రభుత్వ వకీలు అన్నంతా అయింది. అధికారికి జ్వరమొచ్చిందంటూ ఒక శాఖ ఆలస్యంగా అప్పీలు వేసింది. “ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరా అయ్యా?” అని ఆమె దాన్ని కొట్టేయించింది. మరో శాఖ ఇంకో సాకుతో వచ్చింది, ఆ కేసులో ఆమె ఓడిపోయింది. తర్వాతి ఏళ్లన్నీ తాను తీయించిన సందును తానే కాపలా కాస్తూ గడిపింది.

ఆఖరిగా ఆమె వాదించింది ఒక లారీ డ్రైవరు కోసం. అతని పాత వకీలు అప్పీలు వేయడం మరిచిపోయాడు. మరుపు అశక్తత కాదని కోర్టు కొట్టేసింది. జూనియరు వెళ్లి చెబుతానన్నాడు. ఆమె వద్దని, తనే బయటికి వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది.

“ఓడిపోయాం నాయనా. ఎందుకోడిపోయామో చెబుతాను, విను.”

అతను అడిగిందే మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె ప్రతిసారీ మొదటినుంచి చెప్పింది.