కలవాల్సిన చోట చీలిన నది

ఈ మధ్య ఒక జానపద నవల కొన్నాను. మొదటి పేజీలోనే లేని రాజ్యానికి పటం వేశారు, రంగుల్లో. కోటలు బాగున్నాయి, అడవులు బాగున్నాయి. నది చూసేసరికి ఒళ్లు మండింది. ఈ సముద్రంలో మొదలై, రాజ్యం మధ్యగా నడిచి, ఆ సముద్రంలో తేలింది. దారిలో ఒక కొండల వరసను అడ్డంగా దాటింది కూడా. రెక్కల గుర్రం ఎగిరిందంటే నమ్ముతాను, అది గుర్రం సంగతి. నీళ్లు కొండెక్కాయంటే ఎందుకు నమ్మాలి? పుస్తకం విసిరికొట్టినంత పని చేస్తే ఇంట్లోవాళ్లు "మళ్లీ ఏమొచ్చింది?" అన్నారు.

ఏమొచ్చిందంటే, ఈ తగువు నాకు యాభైల నాటి నుంచీ ఉంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడ బోర్డులు రాసి బతికేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత చదివిందంతా మా పేటలోని ఒక పఠనాలయంలోనే. వాళ్లు నెలనెలా ఒక లిఖిత పత్రిక తెచ్చేవారు. అచ్చు లేదు, గిచ్చు లేదు. మంచి దస్తూరీ ఉన్నవాళ్లు చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి. దాన్ని బల్లమీద పెడితే జనం వంతులవారీగా కూర్చుని చదివేవారు. దానికి బొమ్మలు నావి. ఊళ్లో అందరికీ నేను "ఓ బోర్డులప్పా". ఆ గదిలో మాత్రం "చిత్రకారుడు గారూ". ఆ ఒక్క పిలుపు కోసం పని ఎగ్గొట్టి మరీ పోయేవాణ్ణి, దాచుకోవడమెందుకు.

పత్రికలో ఒక హైస్కూలు అయ్యవారు జానపద సీరియల్ రాసేవారు. ఆయనది నంద్యాల అవతల, కె.సి. కాలువ కింది ఊరు. ఒక ఎండాకాలం ఆయన తన కథలోని రాజ్యానికి రెండు పేజీల పటం కావాలని చిత్తు గీసిచ్చారు. చూస్తే, కొండల్లో పుట్టిన నది కొండ దిగీ దిగకముందే రెండై, నాలుగై, ఎనిమిదై, ఊరూరికీ ఒక పాయ పోతోంది.

"అయివారూ, ఇది తలకిందులైంది. నదులు పోయేకొద్దీ కలుస్తాయి. చీలేది కాలువ," అన్నాను.

"నది చీలగూడదని యాడన్నా రాసిండాదా?"

ఎక్కడ రాసి ఉందో నాకేం తెలుసు? నేను నడిచి నేర్చుకున్నాను. మాది బద్వేలు వైపు. ఒంటిమిట్ట తిరునాళ్లకు సగిలేరు వెంబడి నడిచిపోయేవాళ్లం. దారిపొడవునా ప్రతి వాగూ వంకా వచ్చి ఏట్లో పడేదే గాని, ఏట్లోంచి విడిపోయి వెళ్లేది ఒక్కటి చూడలేదు. చివరికి ఆ ఏరూ పోయి పెన్నలో పడింది. సముద్రం దగ్గర బురదనేలలో పాయలవుతాయని తర్వాత చదివాను, సరే. ఈయన చీల్చింది కొండ మొదట్లో!

ఇది మా సీమలో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు. మా ఏర్లలో ఏడాదికి మూణ్ణెల్లు నీళ్లుంటే గొప్ప. ఆయన చిన్నప్పటి నుంచి పారే నీళ్లను చూసింది కాలువలోనే. కాలువ తూము తూముకీ చీలుతుంది. ఆయన మనసులో నది అంటే అదే.

హంద్రి వచ్చి తుంగభద్రలో కలిసే చోటు పఠనాలయానికి మైలు దూరం కూడా లేదు. "పదండి, కళ్లతో చూద్దురు గాని," అని ఆదివారం పొద్దున్నే పిల్చుకుపోయాను. పోయి చూస్తే ఏముంది? ఎటు చూసినా ఇసుక.

"కలిసినాయా, చీలినాయా, చిత్రకారుడు గారూ? ఇసుక నోరిప్పి చెప్పల్యా," అని ఆయన నవ్వు.

కంపచెట్లకు పోయినేటి వరద చెత్త పట్టుకుని ఉంది. చెత్త ఏ పక్క పట్టిందో నీళ్లు ఆ పక్కనుంచి వచ్చినట్టని వివరించాను. ఆయన అటు చూడనేలేదు. ఇసుకలో చెలమ తవ్వి చెంబుతో నీళ్లు తోడుకుంటున్న ఒకామెను అడిగారు: "ఏమ్మా, ఈ ఏరు యాడికి పోతాది?"

ఆమె మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "యాడికి పోతాది సామీ, ఈడనే అడుగున పండుకోనుండాది. మీకు పనేం ల్యా?"

తిరిగొస్తూ నేనే ఒక మెట్టు దిగాను. "సరే, నదిని కలిపే గీస్తాను. నడుమ ఒక ఆనకట్ట వేసి, అక్కణ్ణుంచి మీరు చెప్పిన ఊళ్లన్నిటికీ కాలువలు తీస్తాను. సరేనా?"

ఆయన ఆగిపోయారు. "కాలువ వద్దప్పా. కాలువకు లస్కరుంటాడు, గేటు వాని చేతిలో ఉంటాది. మాది చివరి తూము. పైనూళ్లోళ్లు తడుపుకున్యాక మిగిల్తే మాకు. మా నాయన వాన్ని బతిమాలేది నేను శానాసార్లు సూసినా. నదికి లస్కరుండడు. నా రాజ్యంలో నీళ్లకు ఎవుర్నీ అడిగే పనుండగూడదు."

నాకు ఇంకా కోపమొచ్చింది. బాధ నిజమే, అయితే నీళ్లు పల్లాన్ని వదిలిపెడతాయా?

సంగతి పఠనాలయం కార్యదర్శి దాకా పోయింది. "ఒక గీతకు ఇంత రాద్ధాంతమా? గీస్తే గీయండి, లేదంటే ఇంగ మీరు బొమ్మలు వేసే పనే లేదు," అన్నాడు.

మూడు రోజులు నాలో నేనే తన్నుకులాడాను. గీసేస్తే పోయేదేముంది, ఎవరు పట్టి చూస్తారు? నేను చూస్తానే! కొండల్లో వెంట్రుకంత సన్నంగా మూడు వంకలు మొదలుపెట్టి, ఒకదాంట్లో ఒకటి కలుపుతూ, పల్లానికొచ్చేకొద్దీ లావు చేస్తూ, మైదానంలో మెలికలు తిప్పి, నాకు తెలిసిన నదినే గీసి ఇచ్చాను. వాళ్లు దాన్ని చుట్టచుట్టి తిరిగి నా చేతికే ఇచ్చారు.

తర్వాతి సంచికలో పటం అయ్యవారే గీసుకున్నారు. నేను పోయి అందరితోపాటు బెంచీ మీద కూర్చున్నాను.

"ఓ బోర్డులప్పా, రా, నీ వంతొచ్చె," అని కార్యదర్శి కేకేశాడు.

ఆ నెల కథలో నది చివరి ఊరికి చేరుతుంది. ఒక ముసలాయన మడిగట్టున కూర్చుని, నీళ్లు ఆపడానికి ఎవరూ రావడం లేదేమని సాయంత్రం దాకా దారి చూస్తుంటాడు. ఆ పేజీ రెండుసార్లు చదివాను. బాగా రాశారు, ఒప్పుకోక తప్పదు. తర్వాత పటం చూశాను. ఎనిమిది పాయలూ ఉన్నాయి, వాటిలో ఐదోది నేరుగా కొండమీదికి ఎక్కుతోంది. ఆ ఒక్క గీతైనా తుడుద్దామని రబ్బరు కోసం జేబులో చెయ్యి పెట్టాను. సిరాతో గీసి పెట్టాడు మహానుభావుడు.