చెంచా మీద కిమ్చీ పీలిక

"గొంతుకి అడ్డం పడితే? కడుపులో మంట పుడితే? ఇంకా రెండేళ్ళు నిండని వాడికి కిమ్చీ ఎలా పెడతాం, మామ్మగారూ?"

హేవన్ తన కొడుకు సోల్ ముందున్న గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టేసింది. కారం, ఉప్పు చేపలు కలిపి పులియబెట్టిన క్యాబేజీ కిమ్చీ డబ్బా ముందు పెట్టుకుని, పొట్టి బల్లకి అటువైపు నేల మీద మఠం వేసుక్కూర్చున్న మల్సూన్ మామ్మ పకపకా నవ్వింది.

"వాడికి పెట్టమని ఎవరన్నారే, సోల్ వాళ్ళమ్మా? నాకు ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

మల్సూన్ ఆ ఇంటి యజమానురాలు, పై వాటా హేవన్ వాళ్ళకి అద్దెకిచ్చి కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. దక్షిణ కొరియాలోని మొక్పో రేవు బజారులో చేపల పొట్టలు చీల్చి ఉప్పు పట్టించడంలోనే ఆమె వయసంతా గడిచింది. 'మల్' అంటే చివర. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే, ఇదే చివరిది కావాలని ఆమెకా పేరు పెట్టారు. ఆమె తరవాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. "మా నాన్న మాట దేవుడే వినలేదు, నీ మాట నీ కొడుకు వింటాడా!" అని ఆ పేరు మీద తనే నవ్వుకుంటుంది.

హేవన్‌కి నవ్వొచ్చే రోజులు కావవి. చలి మొదలైనప్పటి నుంచి సోల్ తెల్లన్నం, కాస్త సముద్రపు నాచు తప్ప ఏదీ ముట్టడం లేదు. గుడ్డు ఉమ్మేస్తాడు, చేప ఉమ్మేస్తాడు. బరువు పెరగడం ఆగిపోయింది. కొన్నాళ్ళు చూద్దాం అన్నాడు డాక్టరు. సూక్ష్మజీవుల శాస్త్రం చదివిన హేవన్‌కి ఆ కొన్నాళ్ళలో ఏమేం జరగొచ్చో ఒకదాని వెనక ఒకటి తోచేది.

పసిపిల్లలకి కిమ్చీ కడిగి పెట్టడం అందరిళ్ళలోనూ ఉన్నదే. ఏదో ఒకటి తింటే చాలనుకుని చివరికి హేవన్ కూడా ఓ ఆకు కడిగింది. కుళాయి కింద పెట్టి, పిండి, మళ్ళీ కడిగి, కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసింది. సోల్ దాన్నీ ఉమ్మేశాడు. మిగిలిన ముక్కొకటి మామ్మ నోట్లో వేసుకుంది.

"ఇది కిమ్చీ కాదే, ఉతికి ఆరేసిన గుడ్డ. కారం పోవడానికి కడుగుతాం గానీ, దాని పేరు కూడా పోయేదాకా కడుగుతామా?"

హేవన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్లల్ని పెంచని మీకు ఈ బాధేం తెలుసు!" అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది.

మామ్మ నొచ్చుకోలేదు. "పెంచలేదు నిజమే. పిల్లగా ఉన్నానుగా," అంది. "ఇంటినిండా పిల్లలం. నా నోట్లో ఏం పడుతోందో చూసే తీరిక ఎవరికుంది? నా గిన్నెలో ఎవరి చెయ్యీ పడకుండా కాచుకోవడానికే నాకు రెండు కళ్ళూ చాలేవి కావు."

అలా అంటూనే తను తెచ్చిన డబ్బాలోంచి ఒక కిమ్చీ ఆకు తీసి, గిన్నెడు నీళ్ళలో ఒక్కసారి జాడించి పక్కన పెట్టింది. ఇంకో ఆకుని పొడుగ్గా చీల్చి, ఎర్రటి పీలికని హేవన్ చెంచాలోని అన్నం మీద పరిచింది.

"తిను."

హేవన్ తింది. పుల్లగా, ఘాటుగా, చేపల ఉప్పు వాసనతో నోరంతా ఊరింది. వారం రోజులుగా తనూ సరిగా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ చెంచా నింపింది. మామ్మ మళ్ళీ పరిచింది. ఇద్దరూ సోల్‌కేసి చూడలేదు. హేవన్ చూడబోతే మామ్మ బల్ల కింద కాలితో పొడిచింది.

కాసేపటికి బల్ల మీదుగా ఒక బుల్లి చెంచా ముందుకొచ్చింది. దాని మీద ఉత్త తెల్లన్నం.

"నాకూ."

మామ్మ వాడి మొహం చూడకుండానే, జాడించిన ఆకు నుంచి సన్నటి పీలిక చీల్చి ఆ అన్నం మీద వేసింది. సోల్ నమిలాడు. మొహం చిట్లించాడు. హేవన్ నీళ్ళ గ్లాసందుకుంది. వాడు గుటకేసి, నీళ్ళు తోసేసి, మళ్ళీ చెంచా చాపాడు.

దిగి వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి మామ్మ ఒక్క మాటే చెప్పింది. "వాడి నోటికేసి చూడకే, సోల్ వాళ్ళమ్మా. నీ గిన్నెలోకి చూసుకో."

ఇప్పటికీ వాడు నమలడం ఆపినప్పుడల్లా హేవన్ చూపు వాడి మీదకి పోబోతుంది. దాన్ని లాక్కొచ్చి గిన్నెలో పెట్టుకుంటుంది. చెంచా చాపితేనే వడ్డిస్తుంది.