ఐసు పెట్టెలో బంతి

ఈ బరువు ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే ఆమె ఇక నా మొహం చూడదు. పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

ఉప్పలగుప్తంలో రొయ్యల వ్యాపారం నాది. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ లీగ్ ఆడేవాళ్ళం. బంతులు నా దగ్గరే ఉండేవి. ఎండకి అవి మెత్తబడి, ఎంత బాదినా దూరం పోవు. కవరులో చుట్టి రొయ్యల ఐసు పెట్టెలో ఉంచితే మాత్రం రాయిలా బిగుసుకుంటాయి. మా జట్టు కొట్టేటప్పుడు ఐసు బంతి, అవతలివాళ్ళు కొట్టేటప్పుడు ఎండలో ఉన్న బంతి ఇచ్చేవాణ్ణి. పెద్ద తెలివనుకున్నాను.

ఆ రోజు రాజోలు జట్టుతో ఆట. వాళ్ళు కొట్టే వంతు వచ్చింది. హడావుడిలో చేతికందిన బంతి ఇచ్చేశాను. విసిరేవాడు సతీష్, మా ఆవిడ తమ్ముడు. బంతి పట్టుకోగానే నా వైపు తిరిగాడు.

"బావగారూ, బంతి ఇంత చల్లగా ఉందేంటండి?"

ఐసు బంతి ఇచ్చేశానని అప్పుడు తెలిసింది. మారిస్తే అందరూ వచ్చి పట్టుకు చూస్తారు.

"ఏం లేదు. నువ్వు వెయ్యి."

"ఆయ్," అని విసిరాడు.

రాజోలు జట్టులోని నాగేశ్వరరావు గల్ఫ్ నుంచి తెచ్చుకున్న కొత్త బ్యాటుతో బలంగా కొట్టాడు. బంతి నేరుగా వచ్చి సతీష్ ఎడమ కంటికి తగిలింది. అందరూ సతీష్ దగ్గరికి పరుగెత్తారు. నేను బంతి దగ్గరికి పరుగెత్తాను.

కన్ను పోయింది. బంతి అంత వేగంగా వచ్చింది దానివల్లేనని తప్పంతా ఆ కొత్త బ్యాటు మీద పడింది. నాగేశ్వరరావు లీగ్ కమిటీ ముందు బ్యాటు పెట్టి, దాని మీది ఆమోద ముద్ర చూపించి, పెద్ద పోటీల్లో కూడా దీనితో ఆడనిస్తారని బతిమాలాడు. ఆ ముద్ర నిజమైనదని నాకు తెలుసు. అయినా అలాంటి బ్యాట్లన్నీ మా లీగులో నిషేధించాలని ముందుగా చెయ్యెత్తింది నేనే. అతను ఆటే మానేశాడు.

అది భయమా? భయమైతే కొన్నాళ్ళకి తగ్గాలి కదా? తగ్గింది. ఆ తర్వాత మంచివాడిననిపించుకోవడం అలవాటైంది. సతీష్‌ని ఆసుపత్రుల చుట్టూ తిప్పింది నేను, నా దగ్గరే పనిలో పెట్టుకున్నది నేను, ఇలాంటి అల్లుడు ఎవరికీ దొరకడని మా అత్తగారు ఊరంతా చెబుతుంటే తల వంచుకుని విన్నదీ నేనే. ఆ వినయం చూసి ఆవిడ ఇంకా మురిసిపోయేది. ఛీ.

మొన్న అమలాపురం బస్టాండులో నాగేశ్వరరావు ఎదురయ్యాడు. సతీష్ నా పక్కనే ఉన్నాడు. అతను చేతులు జోడించి, తన వల్లే కన్ను పోయిందని, క్షమించమని అడిగాడు. సతీష్ మొహం తిప్పుకున్నాడు. బస్సు వచ్చిందని చెప్పి వాణ్ణి లాక్కుపోయాను.

వాళ్ళకి చెబుతానని మీకు మాటివ్వలేను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. కానీ ఇది రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. సతీష్ కన్ను తీసింది నేను.