ఆగాక కూడా నడిచే బట్ట

బట్టల మిల్లులో తనిఖీ మిషను ముందు ఆవిడ పదకొండేళ్లుగా నిలబడుతోంది. పై రోలరు మీంచి బట్ట కిందికి జారుతూ ఉంటుంది. ఎక్కడైనా పోగు తెగినా, నూనె మరక కనబడినా మిషను ఆపాలి, దాని మీద సుద్దతో గీత పెట్టాలి, మళ్లీ నడపాలి. ఓస్, ఇంతేనా అనకండి. ఒక్క అరగంట చేసి చూడండి, తెలుస్తుంది! మిల్లులో అందరూ ఆవిణ్ని డేగకళ్లక్క అనేవాళ్లు. పైకి విసుక్కునేది గానీ, ఆ పేరంటే ఆవిడకి మహా గర్వం.

అలాంటి మనిషికి పోయిన నెల కొత్త మిషను వచ్చిపడింది. పాతదానికి రెండింతల వేగం. అప్పటినుంచి గీతలు తప్పడం మొదలైంది. కత్తిరించేవాళ్లు గీత ఉన్నచోట కోసి పారేస్తే, అసలు మరక మంచి ముక్కలోనే మిగిలిపోతోంది. సూపర్‌వైజరు అలా గీత తప్పిన ముక్కలు నాలుగు, గీతా మరకా రెండూ ఉండేలా కోయించి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఏమీ అనుకోకక్కా. నీ కళ్లు మందగించినట్టున్నాయి. సోమవారం నుంచి ప్యాకింగుకి వెళ్లిపో. కూర్చుని చేసే పని, హాయిగా ఉంటుంది."

హాయిగానట! ఆవిడకి ఒళ్లు మండింది. ఆ కళ్లే లేకపోతే మిల్లులో తనెవరు?

సాయంత్రం కళ్ల డాక్టరు దగ్గరికి వెళితే చూపు భేషుగ్గా ఉందన్నాడు. మరి ఈ తప్పెవరిది? ఇంటికొచ్చి నాలుగు ముక్కలూ మంచం మీద పరుచుకుని కూర్చుంది. చూసింది, చూసింది. నాలుగింటిలోనూ గీత మరకకి పైనే ఉంది, సరిగ్గా గోరు వెడల్పున. చూపు పోతే ఎటుపడితే అటు తప్పాలి గానీ, ప్రతిసారీ పైకే ఎందుకు తప్పుతుంది? అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యా, మిషను ఆపాక కూడా బట్ట కాసేపు పైకి పాకుతున్నట్టుంటుంది నాకు."

"ఆగిన బట్ట పాకడమేంటే తల్లీ! నీ బుర్ర తిరుగుతోంది. ముందు తిని పడుకో" అంది అత్తగారు.

తినడమైతే తింది గానీ, నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు శనివారం. భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లాక మిషనుని వెనక్కి నడిపింది. ఈసారి బట్ట కిందినుంచి పైకి పోతోంది. రెండు నిమిషాలు చూపు తిప్పకుండా చూసి, మరక రాగానే ఆపి, చటుక్కున గీత పెట్టింది. అమ్మ బాబోయ్! బట్ట కిందికి పాకుతోంది, గీత మరకకి కింద పడింది. కిందికి పోయేదాన్ని చూసిన కన్ను ఆగాక పైకి చూపిస్తోంది, పైకి పోయేదాన్ని చూస్తే కిందికి. ఎందుకలా చేస్తుందో ఆవిడకి తెలియదు. చేస్తుందని మాత్రం తేలిపోయింది.

పరుగున వెళ్లి సూపర్‌వైజరుని లాక్కొచ్చినంత పని చేసింది.

"ఇక్కడ నిలబడండి సార్. చూపు బట్ట మధ్యలోనే ఉంచండి. నేను ఆపగానే మరక మీద గీత పెట్టాలి."

"నాకు పరీక్షా అక్కా?"

"నాకు పెట్టారుగా!"

మిషనుని మళ్లీ మామూలుగా కిందికి నడిపి, రెండు నిమిషాలయ్యాక మరక రాగానే ఆపింది. ఆయన టక్కున గీత పెట్టి, "ఆపక్కా, ఇంకా నడుస్తోంది!" అని అరిచాడు.

"ఎప్పుడో ఆపేశాను సార్."

నమ్మలేదు. తనే వంగి, మిషను ఆపే ఎర్రమీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. చివరికి అరచేయి బట్టకి ఆనించి చూశాడు. "ఇదేం విడ్డూరమక్కా! ఆగిందని చెయ్యి అంటోంది, లేదని కన్నంటోంది!"

కాసేపటికి బట్ట కుదుటపడింది. ఇద్దరూ వంగి చూశారు. ఆయన గీత మరకకి పైన ఉంది, గోరు వెడల్పున.

"అయితే సోమవారం ఇద్దరం కలిసే ప్యాకింగుకి పోదామా సార్?" అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన తల గోక్కుంటూ, "నన్ను క్షమించక్కా" అన్నాడు.

సోమవారం ఆవిడ అదే మిషను ముందు నిలబడింది. ఇప్పుడు మీట నొక్కిన వెంటనే సుద్ద ఎత్తదు, బట్ట పాకడం మానేదాకా ఓపిగ్గా చూస్తుంది. సూపర్‌వైజరు అటుగా వెళితే, నిశ్చలంగా ఉన్న మిషను పక్కన నిలబడి అడుగుతాడు:

"ఆగిందా అక్కా?"

"ఇంకా లేదు సార్."