మామ ఆపిన బస్సు

నా చిన్నప్పుడు ఒక శాలువా మీద ఉన్నంత కుళ్లు నాకు మరే వస్తువు మీదా ఉండేది కాదు. అది పక్కింటి మామది. మామా, మా బాపూ ఒకే డిపోలో బస్సు డ్రైవర్లు. ఖిలా వరంగల్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

ఒక ఎండాకాలం నెక్కొండ దారిలో, ఊళ్లకు దూరంగా, మిరపకాయ ఏరడానికి పోతున్న కూలీల ఎడ్లబండిని ఒక లారీ వెనక నుంచి గుద్ది పారిపోయింది. మామ తన బస్సు ఆపాడు. ఆయనా, కండక్టరూ ప్రయాణికులను దింపి, దెబ్బలు తగిలినవాళ్లను సీట్ల మీద పడుకోబెట్టి నేరుగా దవాఖానకు తెచ్చారు. అందరూ బతికారు. పంద్రాగస్టు నాడు డిపోలో జెండా ఎగరేశాక ఇద్దరికీ శాలువాలు కప్పారు.

అందరూ చప్పట్లు కొడుతుంటే బాపు మాత్రం చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయనకూ నాలాగే కడుపు మండుతోందనుకున్నాను. మామ కంటే ఎక్కువ ఏండ్లు బస్సు నడిపినవాడు మా బాపు. ఆయనకు ఎవరూ ఒక తువ్వాల కూడా కప్పలేదు. పైగా అత్త ఆ శాలువాను రోజూ గోడ మీద ఎండకు వేసేది. తడవని శాలువాకు ఎండ ఎందుకో!

ఆ రోజుల్లో బస్సు డ్రైవర్లు ప్రమాదం దగ్గర ఆగాలంటే భయపడేవారు. గుద్దింది ఎవరని అడిగే ఓపిక జనానికి ఉండేది కాదు. ఆగి ఉన్న బండి డ్రైవరునే పట్టుకుని కొట్టేవారు. డ్రైవరు కొడుకుగా ఈ సంగతి నాకు బాగా తెలుసు. దాన్నే వాడుకున్నాను. ఒకనాడు కిరాణా కొట్టు అక్క మామను పొగుడుతుంటే ఉండబట్టలేక, "గుద్దింది మామనే అక్కా. లేకుంటే ఎందుకు ఆపుతడు?" అన్నాను.

"నిజమే బిడ్డా, ఊకెనే ఎవడాపుతడు!" అని అక్క ముక్కు మీద వేలేసుకుంది.

ఆ మాట వాడ దాటింది, బస్సెక్కింది, నెక్కొండ చేరింది. కొన్నాళ్లకే ఆ కూలీల చుట్టాలు మామ బస్సుకు అడ్డం నిలబడి ఆయన్ను కిందికి లాగారు. చొక్కా చిరిగి, పెదవి పగిలి మామ ఇంటికొచ్చాడు. వాడకట్టంతా ఆయన గుమ్మం ముందు చేరింది. "శాలువా కప్పుకున్ననాడు సిగ్గనిపియ్యలేదా?" అని ఎవరో ఎత్తిపొడిచారు. కిరాణా అక్క బాపుతో, "మీ పిలగాడు నాకు ఎప్పుడో చెప్పిండన్నా" అంది.

బాపు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని జనం మధ్యకు పోయాడు.

"ఆ బండి పడ్డంక ముందుగాల ఆడికెళ్లి పోయింది నా బస్సు. మనుషులు మూలుగుతాంటె సూసిన. ఆపితె నన్నే కొడ్తరని పోయిన. ఎనుక అచ్చినోడు ఆపిండు. గిప్పుడు జెప్పుండ్రి, ఎవన్ని కొట్టాలె?"

మామ పెదవి తుడుచుకుంటూ, "ఊకో అన్నా. నాకు తెల్వదా? నీ బస్సు లేపిన దుమ్ము తినుకుంటనే అచ్చిన గదా" అన్నాడు.

తెలిసీ ఆయన డిపోలో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. తనను కొడుతుంటే కూడా బాపు పేరు ఎత్తలేదు. డిపోలో బాపు నేల చూసింది అసూయతో కాదని అప్పుడు అర్థమైంది. అసూయ నా ఒక్కడిదే.

ఇప్పుడు ఇద్దరూ లేరు. బాపు చెప్పిన నిజం ఆ గుమ్మం ముందు నిలబడ్డవాళ్ల దగ్గరే ఆగిపోయింది. నా అబద్ధం మాత్రం ఇంకా తిరుగుతోంది. మొన్న ఒక పెళ్లి భోజనాల్లో, మామను ఎన్నడూ చూడని కుర్రవాడొకడు, "ఆ డ్రైవరే గుద్ది, ఆయనే శాలువా కప్పించుకున్నడట" అని నవ్వాడు. నేను విస్తరి ముందు నుంచి లేచి, ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు తాగి వచ్చాననుకున్నారు. మామ పేరు ఎంత దూరం పాడుచేశానో నాకే తెలియదు. అందుకే ఎవరూ అడగని చోట కూడా చెబుతుంటాను.