పెట్టిన వంకను నమ్మినవాళ్లు

కోరుట్లలో మాది బట్టల దుకాణం. అక్కడ పెరిగిన నాకు మాటలకంటే ముందు మూతి విరవడం వచ్చింది. సిరిసిల్లకు సరుకు కొనడానికి వెళ్తే ఇప్పటికీ చీరను వెలుతురులోకి ఎత్తి పట్టి, "రంగు నిలుస్తదా అసలు?" అని నిట్టూరుస్తాను. మరమగ్గాల మీద చీరలు నేయించే ఆమె నాకంటే ముదురు. "నచ్చకుంటే ఆడ పెట్టి పో అక్కా, మస్తుమంది కొంటరు" అంటుంది. ఇద్దరం నవ్వుకుంటాం. చివరికి ఆమె చెప్పిన ధరకే కొని, గెలిచినదానిలా బస్సెక్కుతాను.

మొన్న ఆగస్టు పదిహేనుకు జగిత్యాల కాలేజీలో మాట్లాడే అవకాశం నా బిడ్డకు వచ్చింది. అద్దం ముందు గొంతు పోయేదాకా సాధన చేసింది. ఉపన్యాసం రాసిచ్చింది వాళ్ల చరిత్ర సారు. అందులో ఒక మాట: "మనం అమాయకులం, తెల్లవాళ్లు తెలివైనవాళ్లు, అందుకే మనల్ని ఏలారు."

"అమ్మా, గిది నువ్వు చీరకు వంక పెట్టినట్టే ఉన్నది. కొననీకి వచ్చినోడు పెట్టిన వంకను మనం మైకుల చదువుడేంది?" అంది.

ఇన్నేళ్లు గల్లాపెట్టె ముందు కూర్చున్నా నాకు తట్టలేదది. కాకపోతే బేరగాళ్లం మేము పెట్టిన వంకను మేమే నమ్మం. తెల్లదొరలు నమ్మారు. తాము పెద్దవాళ్లు, ఇక్కడివాళ్లు చిన్నపిల్లలు, వీళ్లకు తమను తాము ఏలుకోవడం రాదు అని ముందే అనుకుని వచ్చారు. అలా అనుకున్నాక దేశాన్ని లాక్కోవడం దొంగతనంలా కాదు, బాధ్యతలా కనిపించింది. వాళ్లు పోయారు. వంక మాత్రం మన నోట్లోనే ఉండిపోయింది.

ఇద్దరం మాట్లాడుకున్నాక బిడ్డ ఆ వాక్యం కొట్టేసి ఈ సంగతే రాసుకుంది. రిహార్సల్ నాడు నేనూ కాలేజీకి వెంట వెళ్లాను. సారు అది చదివి ముఖం మాడ్చుకున్నాడు.

"నేను రాసిచ్చింది చదివితెనే మైకు."

నేనూరుకుంటానా! "సార్, సగం మీది, సగం పోరిది. ఇద్దరికీ గిట్టుబాటు" అన్నాను.

బిడ్డ నావైపు తిరిగింది. "అమ్మా, గిది చీర కాదు. సగం అమాయకులమని ఎట్ల చెప్పాలె?"

సారు చేతిలో ఆయన కాగితం పెట్టేసి గేటు వైపు నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. బేరం కుదరక దుకాణం దిగేటప్పుడు మెల్లగా నడవాలి, వెనక్కి పిలుస్తారని. సారు పిలిచాడు కూడా. "సరే తియ్యుండ్రి, సగం సగమే కానియ్యుండ్రి!"

అలాంటి పిలుపుల మీదే బతికినదాన్ని. అయినా వెనక్కి తిరగలేదు. ఆ సగాన్ని ఆయనకే వదిలేసి, బస్టాండు దాకా బిడ్డతో సమానంగా నడిచాను.